మారతహళ్ళిలో హోమ్ లోన్ సలహా: 3 వేల ఫీజు ఇచ్చాం, ఇంకోసారైనా ఇస్తాం

మేము బెంగుళూరు వచ్చి తొమ్మిదేళ్ళు, రెంట్ 26 వేలు కడుతున్నాం, కాడుగోడి వైపు ఒక రీసేల్ టూ బీహెచ్‌కే 72 లక్షలకి నచ్చింది. ముందు ఒక లోన్ ఏజెంట్‌ని కలిస్తే శాలరీ స్లిప్పులు చూసి "80 పర్సెంట్ వచ్చేస్తది సార్, ఒక 15 లక్షలు చూసుకోండి చాలు" అన్నాడు. చేతిలో 8 ఉన్నాయి, 10 లక్షల చీటీ నడుస్తోంది, అది పాడేసుకుని మిగతాది మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి సర్దేద్దాం అని టోకెన్ ఇవ్వడానికి కూడా రెడీ అయిపోయాం. ఆఫీసులో ఒకాయన ఆగమని చెప్పి మారతహళ్ళిలో ఫీజు తీసుకుని హోమ్ లోన్ సలహా చెప్పే వీళ్ళ దగ్గరికి పంపించాడు, ఆయనకి రుణపడి ఉంటాం నిజంగా.

ఇక్కడ సార్‌ది అనంతపురం వైపు, తెలుగులోనే మాట్లాడతారు. ఫ్లాట్ గురించి అసలు అడగలేదు, "నెలనెలా ఎవరెవరికి ఎంత కడుతున్నారో చెప్పండమ్మా" అని మా ఆవిడని అడిగారు. చీటీ 20 వేలు అనగానే పెన్ను ఆపేశారు. చీటీ సిబిల్‌లో (మన అప్పుల రికార్డులో) కనపడదు కాబట్టి బ్యాంకు లెక్కలోకి రాకపోవచ్చు, కానీ ముందే పాడుకుంటే మిగిలిన నెలలు కట్టాల్సింది మీరే కదా, దానికి బంగారం వడ్డీ, పైన ఈఎంఐ, ఇక ఇంట్లోకి ఏం మిగుల్తుంది అన్నారు. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

తర్వాత రూళ్ళ కాగితం మీద లెక్క రాశారు, అది ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. లోన్ 30 లక్షలు దాటి 75 లోపు అయితే ఆర్బీఐ రూల్ ప్రకారం 80 శాతం మించి ఇవ్వరు, అంటే 57.6 లక్షలు, మనం వేసుకోవాల్సింది 14.4. ఏజెంట్ ఇక్కడితో ఆపేశాడు. కర్ణాటకలో ఈ ధరకి స్టాంప్ డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జీ, 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతం అయింది, అన్నీ కలిపితే 7.6 దాకా, అంటే ఇంకో ఐదున్నర లక్షలు, ఇది లోన్‌లో కలవదు. మొత్తం 20 లక్షలు మన జేబులోంచే, బ్రోకరేజి, కబోర్డులు కాకుండా. 8.5 శాతానికి 20 ఏళ్ళు వేస్తే ఈఎంఐ 50 వేలు, మొదటి నెల అందులో అసలుకి పోయేది 9,200 మాత్రమే, మిగతా 40,800 వడ్డీయే. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక మా ఆవిడ "ఇప్పుడే వద్దులెండి" అంది.

ఆయన ఇల్లు వద్దనలేదు, అది నాకు బాగా నచ్చింది. చీటీ అయిపోయేదాకా 14 నెలలు ఆగమన్నారు, ఈలోపు ఈఎంఐకి రెంట్‌కి మధ్య తేడా 24 వేలు నెల మొదట్లోనే ఆర్డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వేయమన్నారు, అది వేస్తూ ఇల్లు గడిస్తే ఈఎంఐ కూడా కట్టగలరు అని. ఆరు నెలల ఈఎంఐ విడిగా ఉండాలట, పీఎఫ్ మొత్తం ఊడ్చేయొద్దన్నారు. నా సిబిల్ రిపోర్టులో ఎప్పుడో వాడటం మానేసిన కార్డు మీద 1,416 బాకీ ఉందని కూడా ఆయనే చూపించారు, నాకైతే తెలియనే తెలియదు, ఆ వారమే కట్టేసి బాకీ లేదని ఎన్‌ఓసీ తీసుకున్నా. ఇప్పటికి ఐదు నెలలు ఆర్డీ వేశాం, ఒక్క నెల, మా నాన్న కంటి ఆపరేషన్ అప్పుడు, చాలా కష్టమైంది కానీ వేశాం.

ఒక స్టార్ తగ్గించింది ఎందుకంటే శనివారం అపాయింట్‌మెంట్ ఉన్నా గంటన్నర కూర్చోబెట్టారు, చిన్నపిల్లలతో వెళ్తే ఇబ్బందే. ఇంకోటి, ఈ-ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్), పాత దస్తావేజులు ఇవేవీ వీళ్ళు చూడరు, దానికి లాయర్‌ని మనమే వేరేగా పెట్టుకోవాలి, అది ముందే ఫోన్‌లో చెప్తే బాగుండేది.

వెళ్ళేవాళ్ళు ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కంపెనీ ఇచ్చే ఫామ్ 16 (జీతం, టాక్స్ వివరాల కాగితం), సిబిల్ రిపోర్ట్ ప్రింట్లు తీసుకెళ్ళండి, చీటీలు, చేబదుళ్ళు ఉంటే దాచకుండా చెప్పండి, భార్యాభర్తలు ఇద్దరూ వెళ్ళండి.