అప్పులిచ్చే కంపెనీల షేర్లు తూచడానికి స్క్రీనర్ ఎంతవరకు పనికొస్తుంది?

క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు, మైక్రోఫైనాన్స్ బాకీల మీద భయం రేగినప్పుడల్లా బ్యాంకుల, ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకు కాని అప్పుల కంపెనీలు) షేర్లు చౌకగా కనిపిస్తాయి. ఆ చౌక నిజమో కాదో తేల్చుకోవాలని చాలామంది తెరిచేది కంపెనీల ఆర్థిక లెక్కలు చూపే సైటు స్క్రీనర్ డాట్ ఇన్. ఉచిత ఖాతాతోనే ఏళ్ల తరబడి లెక్కలు, ఎక్సెల్‌లోకి దించుకునే వీలు, కాన్‌కాల్ (ఇన్వెస్టర్లతో యాజమాన్యం జరిపే ఫోన్ సమావేశం) పత్రాల లింకులు ఇస్తుంది కాబట్టి సైటుకు వంక పెట్టలేం. చిక్కల్లా పేజీ పైన పెట్టిన అంకెలతోనే. సిమెంటు కంపెనీకో ఐటీ కంపెనీకో సరిపోయే కొలతలు అవి.

ముందు ఆర్‌ఓసీఈని (అప్పుతో కలిపి మొత్తం పెట్టుబడి మీద రాబడి) వదిలేయండి. అప్పు తెచ్చి అప్పిచ్చే వ్యాపారంలో దానికి అర్థం లేదు. ఆర్‌ఓఈ (వాటాదారుల సొమ్ము మీద లాభం) చూడాలి. ‘ఫైనాన్సింగ్ ప్రాఫిట్’ వరసలో మంచి బ్యాంకులకూ మైనస్ కనిపిస్తే కంగారు పడొద్దు. మొండి బాకీల కేటాయింపులు పైనున్న ‘ఎక్స్‌పెన్సెస్’లోనే తీసేస్తారు, ఫీజుల్లాంటి ‘అదర్ ఇన్‌కమ్’ మాత్రం ఆ వరస దాటాక కలుస్తుంది.

అసలు మోసం పీఈ (లాభానికి ధర ఎన్ని రెట్లో చెప్పే అంకె) దగ్గర. ఒక ఊహా కంపెనీ తీసుకుందాం: ఇచ్చిన అప్పులు 10,000 కోట్లు, నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి బాధ్యతలు పోగా మిగిలేది) 2,500 కోట్లు, మార్కెట్ విలువ 3,750 కోట్లు. క్రెడిట్ కాస్ట్ (మొండి బాకీల కోసం ఏటా తీసిపెట్టే మొత్తం, ఇచ్చిన అప్పుల్లో శాతంగా) 2 శాతం ఉన్న ఏడాది పన్నుకు ముందు లాభం 500 కోట్లు, 25 శాతం పన్ను పోగా 375 కోట్లు. పీఈ 10, చూడముచ్చటగా ఉంది. క్రెడిట్ కాస్ట్ 6 శాతానికి ఎక్కితే అదనపు భారం 400 కోట్లు. మిగిలేది 75 కోట్లు. అదే ధరకు పీఈ 50. పీఈ తక్కువ కనిపించేది బాకీలు ఇంకా చెడని ఏడాదిలోనే. అందుకే చార్టులో పీఈ మీటను వదిలి, ‘మోర్’ నొక్కి ప్రైస్ టు బుక్ (బుక్ వాల్యూకి, అంటే నెట్‌వర్త్‌కి, ధర ఎన్ని రెట్లో) తెరవండి. పదేళ్ల మీడియన్ (మధ్య విలువ) గీతతో పోల్చండి. తోటి కంపెనీల పట్టికలో ఈ కొలత ముందుగా ఉండదు; ‘ఎడిట్ కాలమ్స్’లో మనమే చేర్చుకోవాలి.

ప్రైస్ టు బుక్ తగ్గి చవగ్గా అనిపించినా, బుక్ వాల్యూలోంచి నెట్ ఎన్‌పీఏ (కేటాయింపులు పోగా మిగిలిన మొండి బాకీ) తీసేసి చూడటం మేలు. త్రైమాసిక ఫలితాల అడుగున బ్యాంకులకు గ్రాస్, నెట్ ఎన్‌పీఏ శాతాలు ఉంటాయి గానీ రెండు సంగతులు అక్కడ తెలియవు. ఒకటి రైటాఫ్: బాకీని పుస్తకాల్లోంచి కొట్టేస్తే శాతం దానంతటదే దిగుతుంది. రెండోది ఎదుగుదల. 10,000 కోట్ల మీద 300 కోట్ల మొండి బాకీ 3 శాతమే. ఏడాది క్రితం అప్పులు 7,000 కోట్లే అయితే, ఆ పాత అప్పుల మీద అదే బాకీ 4.3 శాతం. కొత్తగా ఇచ్చిన అప్పు చెడేంత టైం ఇంకా కాలేదంతే.

వీటికి జవాబు ‘డాక్యుమెంట్స్’ విభాగంలో దొరుకుతుంది. ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్‌లో స్లిప్పేజీలు (కొత్తగా మొండిగా మారిన బాకీలు), రైటాఫ్‌లు, 30 రోజులు దాటిన బాకీలు, ఎన్‌బీఎఫ్‌సీ అయితే స్టేజ్-2 అప్పులు (రిస్క్ బాగా పెరిగినా ఇంకా మొండి బాకీ కానివి) వెతకండి. అప్పుల్లో రాష్ట్రాలవారీ వాటా తప్పక చూడాలి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో 985 రూపాయల ఇష్యూ ధరతో లిస్టయింది. అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ రాగానే రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. ఏ నిష్పత్తిలోనూ ఆ ప్రమాదం కనిపించదు. ‘ప్రోస్, కాన్స్’ పెట్టె యంత్రం రాసేది, దాన్ని నమ్ముకుని కొనేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మార్కెట్ ఎటు పోతుందో ఈ సైటు చెప్పదు, చెప్పమని అడగకూడదు కూడా. నిఫ్టీలో మూడో వంతుకు పైగా ఆర్థిక సంస్థలే కాబట్టి బాకీల సంగతి సూచీనీ తాకుతుంది. దానికి రిజర్వ్ బ్యాంక్ నెలనెలా ఇచ్చే రంగాలవారీ రుణ లెక్కలు, జూన్, డిసెంబర్ ఆర్థిక స్థిరత్వ నివేదికలు పక్కన పెట్టుకోవాలి. 2023 నవంబర్ 16న పూచీకత్తులేని వినియోగ రుణాల రిస్క్ వెయిట్‌ను (అప్పుకు ఎంత మూలధనం పెట్టుకోవాలో తేల్చే శాతం) రిజర్వ్ బ్యాంక్ 100 నుంచి 125 శాతానికి పెంచినప్పుడు, బాకీలు పుస్తకాల్లో కనిపించకముందే హెచ్చరిక వచ్చింది. నిఫ్టీ పీఈని పాత సగటుతో పోల్చేవాళ్లు ఒకటి గమనించాలి: 2021 మార్చి ఆఖర్లో ఎన్‌ఎస్‌ఈ లెక్కను స్టాండలోన్ (కంపెనీ ఒక్కదాని) నుంచి కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలతో కలిపిన) లాభాలకు మార్చింది. ఒక్కరోజులో పీఈ సుమారు 40 నుంచి 33కి దిగింది, ధరలు దిగి కాదు. ఆ తేదీకి అటూ ఇటూ అంకెల్ని కలిపి సగటు తీస్తే ఇప్పటి మార్కెట్ ఉన్నదానికన్నా చౌకగా కనిపిస్తుంది.