డయాఫ్రమ్ అల్ట్రాసౌండ్: వెంటిలేటర్ తీసే విషయంలో నాకు ఎంతవరకు పనికొచ్చింది

ముందే చెప్పేస్తాను. “ఈ పేషెంట్‌కి ఇవాళ ట్యూబ్ తీసేయొచ్చా?” అని అడిగితే, ఊపిరి కండరమైన డయాఫ్రమ్‌ను చూసే అల్ట్రాసౌండ్ నమ్మదగ్గ జవాబు చెప్పదు. “టీ-పీస్ మీద పెట్టిన ప్రతిసారీ, అంటే ట్యూబ్ ఉంచి మిషన్ సాయం ఆపిన ప్రతిసారీ, ఎందుకింత ఆయాసపడుతున్నాడు?” అని అడిగితే మాత్రం, మంచం పక్కనే పది నిమిషాల్లో ఇంత స్పష్టంగా చెప్పే పరీక్ష నాకు ఇంకోటి దొరకలేదు. ఐసీయూలో ఏళ్ల తరబడి వాడాక నేను తేల్చుకున్నది ఇదే. వీనింగ్ (వెంటిలేటర్ నుంచి మెల్లగా తప్పించడం) సాఫీగా జరిగిపోయే పేషెంట్‌కి దీని అవసరం పెద్దగా లేదు. మొరాయించిన పేషెంట్‌కి చేయకుండా ఉండకూడదు.

మాది జిల్లా స్థాయి టీచింగ్ హాస్పిటల్. పురుగుల మందు తాగినవాళ్లు, కట్లపాము కాటుకు ఊపిరి అందని స్థితిలో వచ్చినవాళ్లు, బీడీలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడైన పెద్దవాళ్లు మా దగ్గర ఎక్కువ. వెంటిలేటర్ ఒకటి ఖాళీ అవుతుందంటే దాని కోసం ఎమర్జెన్సీలో ఇంకొకరు ఎదురుచూస్తూనే ఉంటారు. తొందరపడి ట్యూబ్ తీస్తే రాత్రికి మళ్లీ వేయాల్సి రావచ్చు, అది పేషెంట్‌కి చాలా ప్రమాదం. ఆలస్యం చేస్తే న్యుమోనియా, కండరాలు ఇంకా నీరసించడం. రోజూ రౌండ్స్‌లో ఈ రెండింటి మధ్య నలిగేవాళ్లకి ఏ చిన్న ఆధారం దొరికినా విలువైనదే.

డయాఫ్రమ్ ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పలుచటి కండరం. మామూలుగా ఊపిరి పీల్చే పనిలో ఎక్కువ భాగం దానిదే. ఆ పనంతా మిషనే చేసిపెడితే అది ఎంత తొందరగా చిక్కిపోతుందో 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. బ్రెయిన్ డెడ్ అయిన అవయవదాతలు 18 నుంచి 69 గంటలు వెంటిలేటర్ మీద ఉంటే, వాళ్ల డయాఫ్రమ్‌లో కండర పోగుల వైశాల్యం సగానికి పైగా తక్కువగా ఉంది. మూడు రోజులైనా గడవకముందే అంత నష్టం.

మేం ముందు నుంచీ చూసే లెక్క 1991లో యాంగ్, టోబిన్ అనే డాక్టర్లు చెప్పినది. నిమిషానికి ఎన్ని శ్వాసలో చూసి, ఒక్కో శ్వాసకు ఎన్ని లీటర్ల గాలి వెళ్తోందో దానితో భాగిస్తాం. 105 దాటితే ట్యూబ్ తీయడం కష్టమని అర్థం. ఇప్పటికీ ఆ లెక్క వేస్తాం. కానీ ఆ గాలిని లాగుతున్నది ఏ కండరమో అది చెప్పదు. డయాఫ్రమ్ పడకేసి, మెడ కండరాలూ పక్కటెముకల మధ్య కండరాలూ లాక్కొస్తున్నా కొంతసేపు ఆ అంకె బాగానే ఉంటుంది. ప్రెషర్ సపోర్ట్, అంటే ప్రతి శ్వాసకూ మిషన్ ఇచ్చే తోడ్పాటు, ఉండగా లెక్కేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

అల్ట్రాసౌండ్‌లో రెండు చోట్ల చూస్తాం. కుడివైపు పక్కటెముకల అంచు కింద, పొట్ట స్కాన్‌కి వాడే వంపు ప్రోబ్ పెట్టి లివర్ మీదుగా పైకి చూస్తే డయాఫ్రమ్ మెరిసే తెల్ల గీతగా కనిపిస్తుంది. ఎం-మోడ్ (కదలికను గ్రాఫ్‌లా చూపే పద్ధతి) నొక్కితే ప్రతి శ్వాసకూ ఆ గీత లేచి దిగుతుంది. పీల్చినప్పుడు డయాఫ్రమ్ కిందికి, ప్రోబ్ వైపు వస్తుంది, తెర మీద అది గీత లేచినట్టు కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మామూలు శ్వాసకు ఈ కదలిక ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. 1 సెంటీమీటరు కూడా లేకపోతే బలహీనంగా ఉన్నట్టు. గీత లేవాల్సిన సమయంలో కిందికి దిగుతుంటే ఆ వైపు డయాఫ్రమ్‌ను కదిలించే ఫ్రెనిక్ నరం దెబ్బతిన్నదేమో అనుమానించాలి, ముఖ్యంగా గుండె ఆపరేషన్ అయినవాళ్లలో. రెండో చోటు ఛాతీ పక్కన, 8 నుంచి 10 పక్కటెముకల మధ్య. అక్కడ తిన్నగా ఉండే లీనియర్ ప్రోబ్ పెడితే రెండు తెల్ల గీతలు, వాటి మధ్య నల్లటి పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీయే కండరం. పీల్చినప్పుడు అది ఎంత శాతం మందమవుతుందో అదే థికెనింగ్ ఫ్రాక్షన్.

కదలికను వెంటిలేటర్ సపోర్ట్ ఉండగా కొలవకండి. మిషన్ గాలి తోసినా డయాఫ్రమ్ కిందికి జరుగుతుంది. తెర మీద చక్కగా కదులుతున్నట్టే ఉంటుంది, కానీ అది పేషెంట్ బలం కాదు. టీ-పీస్ మీద పెట్టి, కాసేపు కుదురుకున్నాకే చూడాలి.

దీని విలువ నాకు బాగా తెలిసింది పురుగుల మందు కేసుల్లో. ఆర్గానోఫాస్ఫేట్ మందుల్లో మొదటి గండం గడిచాక, 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, తొడలు, ఊపిరి తీసే కండరాలు సడలిపోవచ్చు. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని వర్ణించారు. అలాంటి ఒక కౌలు రైతు మా దగ్గర ఉన్నాడు. పూర్తి మెలకువలో ఉన్నాడు, చొంగ తగ్గింది, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ దాదాపు ఆపేశాం, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ప్రెషర్ సపోర్ట్ మీద అంకెలన్నీ బాగున్నాయి. టీ-పీస్ మీద పెడితే మాత్రం కాసేపటికే చెమటలు, ఎగశ్వాస. తల ఎత్తమంటే దిండు మీద నుంచి లేవడం లేదు. ప్రోబ్ పెట్టి చూస్తే కుడివైపు కదలిక సెంటీమీటరు లోపే. నల్ల పట్టీ పీల్చినప్పుడూ వదిలినప్పుడూ దాదాపు ఒకే మందం. ఊపిరితిత్తుల్లో నీరు లేదు, గుండె బాగానే పనిచేస్తోంది. ఇక అనుమానం లేదు, రోజూ టీ-పీస్ మీద పెట్టి అలసిపోయేలా చేయడం మానేశాం. ఫీడింగ్, పొటాషియం, ఫాస్ఫేట్ చూసుకుంటూ రోజు విడిచి రోజు స్కాన్ చేశాం. కదలిక మెల్లగా పెరుగుతూ వచ్చింది, తలా లేచింది, ఆ తర్వాతే ట్యూబ్ తీశాం.

ఆ మధ్యలో వాళ్ల అబ్బాయి రోజూ అడిగేవాడు, “నాన్న బాగానే చూస్తున్నాడు కదా సార్, మిషన్ ఎందుకు తీయట్లేదు?” అని. ఒకరోజు తెర చూపించి, “ఇదిగో బాబూ, ఈ గీత ఇంకా పైకి లేవాలి” అన్నాను. ఆ తర్వాత నుంచి “ఇవాళ గీత ఎంత లేచింది సార్?” అని అడిగేవాడు. పేషెంట్ బంధువుల టెన్షన్ ఇలా తగ్గించిన పరీక్ష నాకు ఇంకోటి తెలియదు.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా పెద్దది కొలత. పట్టీ మందం ఊపిరి వదిలినప్పుడు 2.0 మిల్లీమీటర్లు, పీల్చినప్పుడు 2.6 అనుకోండి, థికెనింగ్ ఫ్రాక్షన్ 30 శాతం. పీల్చినప్పటి కొలతలో కర్సర్ ఒక్క పదో వంతు మిల్లీమీటరు కిందికి జరిగితే 25, పైకి జరిగితే 35. ట్యూబ్ తీయొచ్చని వేర్వేరు పరిశోధనలు చెప్పిన గీటురాళ్లు 30, 36 శాతం దగ్గర ఉన్నాయి. అంటే మన చేయి వణుకులోనే నిర్ణయం అటూ ఇటూ అయిపోతుంది. అందుకే నేను 30కి 35కి తేడా చూడను. 10 ఉందా, 40 ఉందా అన్నదే చూస్తాను. పైగా శాతం ఎక్కువుంటే కండరం బలంగా ఉందనుకోకూడదు, ప్రాణం పెట్టి లాగుతున్నా శాతం పెరుగుతుంది. శ్వాసల వేగం, పేషెంట్ ముఖం చూడకుండా ఆ అంకెను చదవకూడదు.

రెండోది, డయాఫ్రమ్ బలహీనంగా ఉన్నంత మాత్రాన ట్యూబ్ తీయకూడదని లేదు. 2019లో ఫ్రాన్స్‌లో పలు ఐసీయూల్లో రిస్క్ ఎక్కువున్న పేషెంట్ల మీద చేసిన అధ్యయనంలో, ఎక్స్‌ట్యుబేషన్ (ట్యూబ్ తీయడం) ఫెయిల్ అవుతుందో లేదో ఈ స్కాన్ ముందుగా చెప్పలేకపోయింది. నా అనుభవం కూడా దానికి దగ్గరగానే ఉంది. దగ్గు గట్టిగా ఉండి, కఫం తక్కువుంటే అంతంతమాత్రం డయాఫ్రమ్‌తో కూడా చాలామంది నెట్టుకొస్తారు. గొంతు వాపు, మత్తు, కఫం గురించి ఈ స్కాన్‌కి ఏమీ తెలియదు.

బీడీలతో ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ పెద్దాయనల్లో దీని ఉపయోగం ఇంకో రకం. డయాఫ్రమ్ బాగా కదులుతున్నా టీ-పీస్ మీద ఫెయిల్ అవుతుంటే అదే ప్రోబ్‌ను ఛాతీ మీద, గుండె మీద పెడతాం. అరగంటలో బీ-లైన్లు (ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కనిపించే తెల్ల చారలు) పెరిగితే తప్పు గుండెది, మందు కూడా దానికే ఇవ్వాలి.

మిషన్ కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. పెద్ద సిరల్లో సెంట్రల్ లైన్లు వేయడానికి వాడే లీనియర్ ప్రోబ్, పొట్ట ప్రోబ్ ఉంటే చాలు. గర్భంలోని శిశువు లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్, గోడకు లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు మాత్రం ఐసీయూ మిషన్‌కి కూడా తప్పవు. వాటిని ముందే సరిచూసుకోండి.

నేర్చుకునే పీజీలు కుడివైపుతో మొదలుపెట్టడం మేలు. ఎడమవైపు పొట్టలో గ్యాస్ అడ్డొస్తుంది, స్ప్లీన్ (ప్లీహం) మీదుగా చూసే సందు చిన్నది, అక్కడ తంటాలు పడి విసుగొచ్చి మానేసినవాళ్లను చూశాను. ప్రోబ్ పెట్టిన చోట చర్మం మీద మార్కర్‌తో గుర్తు పెట్టాలి, రేపు కూడా అక్కడే, అదే మంచం ఎత్తులో చూడాలి. తెల్ల గీతలను కలుపుకొని కొలుస్తారో, వదిలేసి కొలుస్తారో యూనిట్ మొత్తం ఒకే పద్ధతి పాటించాలి. కేస్ షీట్‌లో శాతం ఒక్కటే రాయకుండా రెండు మందాలూ, అప్పటి వెంటిలేటర్ సెట్టింగ్, శ్వాసల వేగం కూడా రాయించండి. నైట్ డ్యూటీకి వచ్చే డాక్టర్‌కి ఆ నాలుగూ కనిపిస్తేనే మధ్యాహ్నం మనం చూసింది అర్థమవుతుంది.