కిల్లింగ్ జోక్: జోకర్ నవ్వు ఎక్కడిది, ఏ ఎడిషన్ కొనాలి

బ్యాట్‌మన్ కామిక్స్‌లోని విలన్ జోకర్ మీద ఒక్క పుస్తకమే కొనాలనుకుంటే 'బ్యాట్‌మన్: ద కిల్లింగ్ జోక్' కొనండి. అయితే ఏ ఎడిషనో చూసుకుని మరీ కొనండి. అదే కథ, అవే బొమ్మలు రెండు రకాల రంగుల్లో దొరుకుతున్నాయి, రంగులతో పాటు కథ నడక కూడా మారిపోయింది. 1988లో డీసీ కామిక్స్ సంస్థ వేసిన ఈ 48 పేజీల పుస్తకానికి రాత అలన్ మూర్‌ది, బొమ్మలు బ్రయాన్ బోలండ్‌వి, రంగులు జాన్ హిగిన్స్‌వి. మరుసటేడు కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ గ్రాఫిక్ ఆల్బమ్‌గా నిలిచింది.

కథ చిన్నదే. జోకర్ అర్కమ్ పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకుని, పాడుబడ్డ కార్నివాల్ మైదానం ఒకటి చేజిక్కించుకుంటాడు. పోలీసు కమిషనర్ గార్డన్ ఇంటి తలుపు కొట్టి, తలుపు తీసిన ఆయన కూతురు బార్బరాను కాలుస్తాడు. గార్డన్‌ను ఎత్తుకెళ్ళి, కార్నివాల్‌లో జనాన్ని భయపెట్టే ఘోస్ట్ ట్రెయిన్ ఎక్కించి, నెత్తుటి మడుగులో ఉన్న కూతురి ఫొటోలు చూపిస్తాడు. ఎంత బుద్ధిమంతుడికైనా పిచ్చెక్కడానికి ఒక్క చెడ్డరోజు చాలని రుజువు చెయ్యాలన్నదే వాడి పంతం. మధ్యమధ్యలో వాడి పాతరోజులు వచ్చిపోతుంటాయి.

ఈ విలన్ ఇంత బలంగా ఎందుకు కుదిరాడో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. జోకర్ మొదట కనిపించింది 1940లో, బ్యాట్‌మన్ మొదటి సంచికలో. వాణ్ణి పుట్టించడంలో బాబ్ కేన్, బిల్ ఫింగర్, జెరీ రాబిన్‌సన్ ముగ్గురిలో ఎవరి వాటా ఎంతన్నది తెగని తగవు. పేకముక్కలోని జోకర్ బొమ్మ రాబిన్‌సన్ తెచ్చాడు. ముఖం మాత్రం 1928 నాటి మూకీ సినిమా 'ద మ్యాన్ హూ లాఫ్స్'లో కాన్రాడ్ ఫైట్‌ది. ఆ సినిమాకి మూలం విక్టర్ హ్యూగో 1869లో రాసిన నవల. అందులో గ్విన్‌ప్లేన్ అనే కుర్రవాడి ముఖాన్ని పసితనంలోనే, రాజుగారి ఆజ్ఞ మీద, ఎప్పటికీ నవ్వుతూ ఉండేలా కోసేస్తారు. పెద్దయ్యాక ఒక సంచార ప్రదర్శన బండితో ఊరూరా తిరుగుతూ ఆ ముఖమే పెట్టుబడిగా బతుకుతాడు. ఏడ్చినా జనానికి నవ్వుతున్నట్టే కనిపిస్తాడు. మనసు మాత్రం వెన్న. చూపులేని డియా ఒక్కతే అతన్ని అతనుగా ఎరిగిన మనిషి.

1940లో కామిక్ చేసినవాళ్ళు అందులోంచి నవ్వు ఒక్కటే తీసుకున్నారు. ఆ నవ్వు వెనకున్న ఏడుపు వాళ్ళకి అక్కర్లేకపోయింది. ఒక మంచివాడి గాయం అలా ఒక హంతకుడి ముఖమైంది. కిల్లింగ్ జోక్ గొప్పతనమంతా నా లెక్కలో ఇక్కడే ఉంది. 48 ఏళ్ళ తర్వాత మూర్ ఆ ముఖానికి పేదరికాన్నీ, కార్నివాల్‌నీ, జనం నవ్వుకి లోకువైన బతుకునీ తెచ్చి అతికించాడు. హ్యూగోని ముందు పెట్టుకుని రాశాడని అనడం లేదు. రెండూ పక్కపక్కన చదివితే మాత్రం విడిపోయిన రెండు ముక్కలు మళ్ళీ కలిసినట్టుంటుంది.

రెండో మూలం కామిక్స్‌లోనిదే. మొదటి పదేళ్ళూ జోకర్‌కి గతమన్నదే లేదు. 1951 ఫిబ్రవరిలో డిటెక్టివ్ కామిక్స్ 168వ సంచికలో ఫింగర్ ఒకటి ఇచ్చాడు: వాడు ఒక ప్రయోగశాల ఉద్యోగి, ఎర్రటి ముసుగేసుకుని 'రెడ్ హుడ్' పేరుతో పేకముక్కల కంపెనీలో పది లక్షల డాలర్లు కొట్టెయ్యబోయి, రసాయనాల మురుగులో దూకి పారిపోతూ తెల్ల ముఖం, పచ్చ జుట్టు తెచ్చుకున్నాడు. కారణం డబ్బాశ, అంతే. మూర్ ముసుగునీ, పేకముక్కల కంపెనీనీ, రసాయనాల తొట్టినీ ముట్టుకోలేదు. కారణాన్ని మాత్రం మార్చాడు. ఇక్కడి మనిషి ఉద్యోగం మానేసి స్టేజి మీద జోకులు చెప్పడానికి బయల్దేరినవాడు. ఎవరూ నవ్వరు. ఇంట్లో భార్య కడుపుతో ఉంది, అద్దె బాకీ ఉంది. ఈ ఒక్క దొంగతనంతో గట్టెక్కుదామని ఒప్పుకుంటాడు. దొంగతనం జరగాల్సిన రోజే, పాలసీసా వేడిచేసే పరికరం పరీక్షిస్తూ కరెంటు షాక్ కొట్టి భార్య పోయిందన్న కబురొస్తుంది. ఇక నాకెందుకు ఈ డబ్బన్నా ఆ ముఠావాళ్ళు వదలరు. రెడ్ హుడ్ ముసుగు కూడా ఇక్కడ ఒక మోసమే: ప్రతిసారీ కొత్తవాడికి తొడిగి, దొరికిపోతే వాడే ముఠా నాయకుడని పోలీసులు అనుకునేలా చేస్తారు.

ఇంతవరకే రాసి ఆపితే ఇది మామూలు జాలికథ అయ్యేది. విలన్‌కి గతం పెట్టే చాలామంది జారిపడేది ఇక్కడే. కారణం పూర్తిగా తెలిశాక వాడంటే భయం పోతుంది, మిగిలేది కేసు ఫైలే. మూర్ దానికి విరుగుడు జోకర్ నోటితోనే చెప్పించాడు: ఏం జరిగిందో నాకే సరిగా గుర్తులేదు, ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుంది, గతమంటూ ఉండాల్సొస్తే ఎంచుకునే వీలుండాలి అంటాడు. దాంతో మనం చూసిన భార్య, బాకీ, కరెంటు షాక్ అన్నీ అబద్ధమే కావచ్చు. జాలి మిగిలింది, భయమూ మిగిలింది.

మూడోది హింస. 1954లో కామిక్స్‌లో హింసకి పగ్గాలు వేసే 'కామిక్స్ కోడ్' నియమావళి వచ్చాక జోకర్ కొన్నేళ్ళపాటు ఉత్త కొంటెదొంగగా మిగిలాడు. 1973లో బ్యాట్‌మన్ 251వ సంచికలో డెనీ ఓనీల్, నీల్ ఆడమ్స్ వాణ్ణి మళ్ళీ హంతకుణ్ణి చేశారు. ఈ పుస్తకం ఆ దారిలోదే. ఎడిటర్ కూడా ఓనీలే.

బోలండ్ గీతని తీరిగ్గా చూడాలి. మొదటి పేజీల్లో మాటలు దాదాపు లేవు: నీటిగుంటలో వానచినుకులు, కారు, ఆసుపత్రి నడవా. బ్యాట్‌మన్ గదిలోకెళ్ళి, పేకముక్కలు పరుచుకుంటున్న ఖైదీ ఎదురుగా కూర్చుని, మనిద్దరం ఒకర్నొకరం చంపుకునేలా ఉన్నామంటూ మాట్లాడతాడు. ఎదుటివాడు పలకడు. చెయ్యి పట్టుకుంటే తెల్లరంగు గ్లవ్‌కి అంటుకొస్తుంది. అసలువాడు ఎప్పుడో పారిపోయాడు, ఇక్కడున్నది వేషగాడు. ఆలోచన బుడగలు లేవు, పక్కన వివరించే రాత లేదు. అంతా చేతుల్లో, కళ్ళలో చూపించాలి, చూపించాడు. గతంలోకి వెళ్ళేటప్పుడు జోకర్ ఏ భంగిమలో ఉంటే తర్వాతి గడిలో పాతమనిషి అదే భంగిమలో ఉంటాడు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. అందుకే 'కొన్నేళ్ళ క్రితం' అని ఎక్కడా రాయాల్సిన పని పడలేదు.

రంగుల తేడా తెలిసేది ఈ మలుపుల దగ్గరే. హిగిన్స్ 1988 రంగులు నారింజ, గులాబీ, ఊదా కలిసి కార్నివాల్ దీపాల్లా మండుతుంటాయి. వేడి ఉంది, కానీ గతమూ వర్తమానమూ ఒకేలా వెలుగుతాయి. బోలండ్‌కి అవి నచ్చలేదు. 2008 డీలక్స్ ఎడిషన్‌కి మొత్తం తనే మళ్ళీ రంగులేశాడు. గతమంతా వెలిసిపోయిన ఫొటోలా ఉంటుంది, అందులో ఒకటీ అరా వస్తువుకి మాత్రం ఎరుపు. బారులో బల్ల మీది రొయ్యలు చూడండి. ఆ ఎరుపు చివరికి ముసుగు దాకా వెళుతుంది. బ్యాట్‌మన్ ఛాతీ మీది పసుపు గుండ్రాన్ని కూడా తీసేశాడు. కథ తేటగా అర్థమయ్యేది ఈ రంగుల్లోనే, మొదటిసారి చదివేవాళ్ళకి ఇదే చెబుతాను. కార్నివాల్ పేజీల్లో హిగిన్స్ రంగుల పిచ్చి మాత్రం ఇందులో తగ్గింది, అది లోటే.

పాత రంగులే కావాలంటే 1988 నాటి ప్రతులు గానీ, మూర్ డీసీ కథలు కలిపి 2006లో వేసిన సంపుటం గానీ వెతకవచ్చు. 2016లో వచ్చిన 'బ్యాట్‌మన్ నోయిర్' ఎడిషన్ నలుపు తెలుపు. గీత నేర్చుకునేవాళ్ళకి అది బంగారం, కథకోసం చదివేవాళ్ళకి మాత్రం ఎర్ర ముసుగు ఎర్రగా లేకపోతే ఏదో వెలితి. ఫోన్లో చదవకండి. కామిక్స్ యాప్‌లలో ఒక్కో గడినే చూపించే 'గైడెడ్ వ్యూ' ఆ గడిని తెరకి సరిపడా సాగదీస్తుంది, సైజు మారగానే భంగిమల జత చెదిరిపోతుంది. టాబ్లెట్ అయితే గైడెడ్ వ్యూ ఆపేసి పేజీ పేజీగా చదవండి. పిల్లల చేతికి ఇవ్వకండి, బార్బరా ఫొటోల పేజీ పెద్దవాళ్ళకే కష్టం.

పుస్తకంలో పెద్ద తప్పు కూడా ఆ బార్బరా దగ్గరే ఉంది. ఒకప్పటి బ్యాట్‌గర్ల్ ఆమె. ఇక్కడ తలుపు తీసి, తూటా తిని, తండ్రినీ బ్యాట్‌మన్‌నీ కదిలించడానికి పనికొచ్చి పక్కకి పోతుంది. ఆ చెడ్డరోజు అందరికన్నా ఎక్కువగా ఆమెది, అయినా పుస్తకం ఆ ప్రశ్న ఆమెను అడగదు. పిచ్చెక్కకుండా నిలబడ్డ ఘనత గార్డన్‌కి ఇచ్చారు. ఆమెకి వచ్చిందల్లా ఒక ఆసుపత్రి సన్నివేశం. కథానాయకుణ్ణి కదిలించడానికి ఆడవాళ్ళను బలిచేసే అలవాటు మీద కామిక్స్ రచయిత్రి గెయిల్ సిమోన్ 1999లో పెట్టిన జాబితాలో బార్బరా పేరు ఊరికే చేరలేదు. మూర్ కూడా తర్వాత ఈ పుస్తకం విషయంలో అసంతృప్తి దాచుకోలేదు. రచయితలు జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ దంపతులు 1989లో 'సూసైడ్ స్క్వాడ్' కామిక్ 23వ సంచికలో 'ఒరాకిల్' అనే పేరు తెచ్చి, ఆ పేరు వెనకున్నది చక్రాల కుర్చీలోని బార్బరానే అని తర్వాతి సంచికల్లో బయటపెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని అందరికీ సమాచారం అందించే మనిషిని చేశారు. కిల్లింగ్ జోక్ చదివినవాళ్ళు అక్కడిదాకా వెళ్ళాలి.

చివరి రెండు పేజీలు నెమ్మదిగా తిప్పండి. జోకర్ చెప్పే జోకులో ఇద్దరు పిచ్చివాళ్ళు ఆసుపత్రి పైకప్పు మీంచి పారిపోతుంటారు, ఒకడు పక్క పైకప్పు మీదికి దూకేస్తాడు, రెండోవాడు దూకడానికి భయపడతాడు. దూకినవాడు టార్చి వేసి ఆ వెలుగు మీద నడిచి రమ్మంటాడు, రెండోవాడు మధ్యలో నువ్వు ఆర్పేస్తే అంటాడు. బ్యాట్‌మన్ కూడా నవ్వుతాడు. అతను జోకర్‌ని చంపాడా లేదా అని చాలామంది వాదించుకుంటారు కానీ, అంతకన్నా చూడాల్సింది కిందనుంది. వాననీటిలో పోలీసు కారు లైటు గీతలా పడి ఉంటుంది. ఒక గడిలో ఉంటుంది, తర్వాతి గడిలో ఆరిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ చినుకులే.