సలీనా క్రూజా, ప్యూర్తో ఎస్కోందీదోనా?

మెక్సికోలోని వాహాకా తీరానికి సర్ఫింగ్‌కి వెళ్లేవాళ్లకు ఎప్పుడూ ఉండే తర్జనభర్జనే ఇది.

ఊరు: సలీనా క్రూజ్‌ది రేవు, మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ రిఫైనరీ. ఆ ట్యాంకులూ గొట్టాలూ విశాఖ వాళ్లకు కొత్తేమీ కాదు. ప్యూర్తోలో అంతా హాస్టళ్లు, కెఫేలు, టూరిస్టుల సందడి.

అలలు: సలీనాలో ఇసుక అడుగు మీద కుడివైపుకి సాగే పొడవాటి అలలు. ప్యూర్తోలోని సికతేలా బీచ్ అల బోర్డుల్నే విరిచేస్తుంది, కొత్తవాళ్లు ఒడ్డున కూర్చుని చూడటమే మేలు. నేర్చుకోవాలంటే పక్కనే కరిసాలియో బీచ్ ఉంది.

ఖర్చు: సలీనా బీచ్‌లు ఊరికి దూరం, మట్టిదారులు. గైడు, బండి తప్పవు, జేబుకు చిల్లే. ప్యూర్తోలో బోర్డు చంకన పెట్టుకుని నడిచిపోవచ్చు.

గాలి: చలికాలంలో సలీనాలో తెవానో అనే ఉత్తరపు ఈదురుగాలి ఇసుకను ముఖాన కొడుతుంది.

తిండి: ఇక్కడ నా ఓటు సలీనాకే. ఎండురొయ్యలు, పక్కన తొతోపో. భూమిలో పాతిన కుండపొయ్యి లోపలి గోడకు అంటించి కాల్చిన మొక్కజొన్న రొట్టె అది, ఒళ్లంతా చిల్లులు, కొరికితే కరకరా.

మొదటిసారైనా, పిల్లలతో వెళ్లినా ప్యూర్తో. సర్ఫింగ్ బాగా వచ్చినవాళ్లు, నలుగురు కలిసి బండి ఖర్చు పంచుకోగలిగితే, ఏప్రిల్ - సెప్టెంబరు మధ్య సలీనా.