మీటర్ల రంగు మార్చడానికి ఏది మేలు: ఫిల్టరా, రంగు బల్బా?

పాత కారు మీటర్లలో ఆ ఆకుపచ్చ వెలుతురు చూసి చూసి విసుగొచ్చి, ఎర్ర ఎల్ఈడీలు తెచ్చి బిగించాను. లైటు వేస్తే డ్యాష్‌బోర్డు దాదాపు చీకటి! ఎల్ఈడీల తప్పేం లేదు. లోపల బల్బులకు తొడిగిన ఆకుపచ్చ రబ్బరు తొడుగులు తీయకుండా, వాటిలోనే ఎర్రవి దూర్చాను.

ఆ తొడుగు ఒక ఫిల్టరే. ఫిల్టరు కొత్త రంగును పుట్టించదు, తనది కాని రంగుల్ని ఆపేస్తుంది. ఎర్ర ఎల్ఈడీ నుంచి వచ్చేదంతా ఎరుపే కాబట్టి ఆకుపచ్చ తొడుగు దాన్ని దాదాపు మింగేసింది. మామూలు ఫిలమెంట్ బల్బు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి గానీ ఎరుపు, పసుపు దండిగా, నీలం చాలా తక్కువగా. అందుకే దానికి నీలం తొడుగు వేస్తే మీటరు మసకబారుతుంది. ఎరుపో ఆరెంజో వేస్తే అంత నష్టం ఉండదు.

రంగు పూసిన ఫిలమెంట్ బల్బు కూడా నిజానికి ఫిల్టరే, కాకపోతే గాజుకే అతుక్కుని ఉంటుంది. ఆ వేడికి పూత వెలుస్తుంది, పెచ్చులూడుతుంది. దీనికంటే విడిగా ఉండే తొడుగే నయం, బల్బు మాడిపోయినా రంగు మిగులుతుంది.

నా ఓటు మాత్రం రంగు ఎల్ఈడీకే, తొడుగు తీయగలిగితేనే. వేడి తక్కువ, రంగు నిండుగా ఉంటుంది. కొన్ని మీటర్లలో రంగు డయల్ వెనకే ముద్రించి ఉంటుంది. దాని జోలికి పోవడం కంటే అదే రంగు ఎల్ఈడీ వేసుకోవడం సుఖం. తెల్ల ఎల్ఈడీ పెడితే దాని వెలుగులో నీలం పాలు ఎక్కువ కాబట్టి, ఆకుపచ్చ కాస్తా నీలం వైపు జరుగుతుంది. ఎల్ఈడీకీ లోపాలున్నాయి. ఎక్కువ రకాలు ఒకే వైపుకి వెలుగు చిమ్ముతాయి, డయల్ మీద ఒకచోట మెరుపు, పక్కన నీడ. మీటర్ల వెలుగు తగ్గించే పాత డిమ్మర్‌తో సరిగా తగ్గవు కూడా.

ఇక ఏ రంగు? నీలం ఫోటోల్లో అదిరిపోతుంది, రాత్రి డ్రైవింగ్‌లో మాత్రం కంటికి భారం: అంకెల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. చీకటికి అలవాటుపడ్డ కంటిని ఎరుపు తక్కువగా చెదరగొడుతుంది, కానీ ఎర్ర ముల్లు, తెల్ల అంకెలు ఒకే రంగులో కలిసిపోతాయి. పైగా ఎర్ర వార్నింగ్ లైటు వెలిగినా చప్పున కంటికి ఆనదు. పగటి చూపుకి కన్ను ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చకి. కొద్ది వెలుగుకే అంకెలు తెలుస్తాయి. నేను విసుక్కున్న రంగు అదే మరి! చివరికి ఆరెంజ్ దగ్గర ఆగాను.

వార్నింగ్ లైట్ల బల్బులు మాత్రం కదపకండి. ముఖ్యంగా బ్యాటరీ గుర్తుది. చాలా పాత కార్లలో ఆ బల్బు గుండా వెళ్లే కరెంటుతోనే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఛార్జింగ్ మొదలుపెడుతుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే ఆ కరెంటు చాలక ఛార్జింగే మొదలవకపోవచ్చు.

క్లస్టర్ (మీటర్లన్నీ ఉండే పెట్టె) మూసేముందు ఒకసారి లైటు వేసి చూసుకోండి. చాలా ఎల్ఈడీలకు ప్లస్, మైనస్ ఉంటాయి, వెలగనిదాన్ని తీసి తిప్పి పెడితే సరి.