ఎనిమిదేళ్ల వాడకం తర్వాత మొహైర్ టెడ్డీ: తిరుపతి తేమకు ఎంత ఆగింది?

ఇది 35 సెంటీమీటర్ల ఎలుగు. పైన మొహైర్, అంటే అంగోరా మేక బొచ్చు, లోపల చెక్క పీచు, అరచేతులకు ఊలు ఫెల్ట్ (ఊలును నొక్కి చేసిన దళసరి గుడ్డ), ఐదు కీళ్లు. వీపు మీద గూని, పొడవాటి చేతులు, ముందుకొచ్చిన మూతి జర్మనీ బొమ్మల కంపెనీ స్టైఫ్ తొలినాటి ఎలుగుల పోలికే. రిచర్డ్ స్టైఫ్ 1902లో గీసిన నమూనా 1903లో లైప్‌జిగ్ బొమ్మల సంతకు వెళ్లింది. టెడ్డీ అన్న పేరు మాత్రం అమెరికాలో పుట్టింది: 1902 నవంబరులో వేటలో కట్టేసిన ఎలుగును అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాల్చనన్నాడు, కార్టూనిస్టు బెర్రీమన్ దాన్ని కార్టూన్‌గా వేశాడు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు టెడ్డీయే బొమ్మకు వచ్చింది.

బొచ్చుకు పూర్తి మార్కులు. పాలిస్టర్ బొమ్మలు రెండేళ్లకే ఉండలు కడతాయి. ఇది బ్రష్‌తో దువ్వితే ఇప్పటికీ మెరుస్తూ నిలబడుతుంది.

బలహీనత ఫెల్ట్‌లో ఉంది. నాలుగో ఏడు ఎడమ అరచేతి కుట్టు పక్కన ఆవగింజంత బొక్క, దాని కింద ఇసుకలాంటి పొడి కనిపించాయి. ఊలు తినే పురుగు పని అది. అలా కనిపిస్తే బొమ్మను రెండు ప్లాస్టిక్ కవర్లలో గాలి తీసి కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. విప్పితే చల్లటి బొచ్చు మీద నీరు పడుతుంది. కలరా ఉండలు వద్దు, ఆ వాసన బొచ్చును పట్టుకుని వదలదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల వానల్లో, చెక్క పీచు తేమ పీల్చి బూజు వాసన కొడుతుంది. మన ఎర్రచందనం రాజా రాణి బొమ్మల్లా గుడ్డతో తుడిచి అలమరలో పెట్టేస్తే సరిపోదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు వంద గ్రాములు వేసి ఉంచండి. గింజల రంగు మారగానే కొత్తవి వేయాలి.

నీళ్లలో ముంచి ఉతకడం పెద్ద తప్పు. పీచు లోపల ఆరదు, కీళ్ల అట్టబిళ్లలు ఉబ్బుతాయి, వాటిని పట్టి ఉంచే ఇనుప పిన్ను తుప్పు పడుతుంది. అరకప్పు నీళ్లలో రెండు చుక్కల బేబీ షాంపూ గిలకొట్టి, నురగ మాత్రమే తీసి రుద్దండి. తడి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాను కింద ఒక రోజు ఆరనివ్వండి.

ఆరో ఏట కుడికాలు వదులైంది. వీపు కుట్టు విప్పి, కొంచెం పీచు తీసి, పిన్ను కొసలను సన్న మూతి పట్టకారుతో బిగించి వంచితే నిలిచింది. పిల్లలు రోజూ ఆడుకోవడానికైతే పాలిస్టర్ బొమ్మే కొనండి. దీన్ని ఆ వానల నెలలు కానప్పుడు అద్దాల బీరువాలో, ఎండ తగలని గోడ వైపు పెట్టాలి.