డాక్టర్ హూ: 1996 సినిమా ముందా, 2005 సీరియల్ ముందా?

పోయిన వేసవిలో మా పిన్ని కొడుకు వచ్చి నా దగ్గర పది రోజులు ఉన్నాడు. “అన్నా, డాక్టర్ హూ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?” అని అడిగాడు. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే ‘డాక్టర్’ అనే గ్రహాంతరవాసి కథ చెప్పే బ్రిటిష్ సీరియల్ అది, 1963లో మొదలైంది, వందల ఎపిసోడ్లు. లోపలికి వెళ్లే తలుపు ఎక్కడుందో చెప్పడమే కష్టం. నేను కాస్త అతితెలివికి పోయి 1996 టీవీ సినిమా పెట్టాను, గంటన్నరలో ఒక కథ పూర్తవుతుంది కదా అని. ఇరవై నిమిషాలు అయ్యాయో లేదో వాడు ఆపించాడు. “ఇప్పుడు చచ్చిపోయింది హీరోనా?”

హీరోనే. డాక్టర్ చనిపోయే వేళకి వేరే మొహంతో మళ్లీ లేస్తాడు, నటుడూ మారతాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

బీబీసీ 1989 డిసెంబర్‌లో ఈ సీరియల్‌ని 26 సీజన్ల తర్వాత ఆపేసింది. మళ్లీ బతికించడానికి గట్టి ప్రయత్నాలు రెండు జరిగాయి. మొదటిది ఈ టీవీ సినిమా. బీబీసీ, అమెరికా కంపెనీలు యూనివర్సల్, ఫాక్స్ కలిసి వాంకూవర్‌లో తీశాయి, కథ మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోలో, 1999 ఆఖరి రెండు రోజుల్లో జరుగుతుంది. రెండోది 2005 మార్చి 26న వచ్చిన ‘రోజ్’ అనే ఎపిసోడ్. రచన రస్సెల్ టి డేవీస్, తీసింది బీబీసీ వేల్స్. మొదటిది ఒక్క రాత్రితో ఆగిపోయింది. రెండోది ఏళ్ల తరబడి సాగింది. ఇది చూసి చాలాకాలం ఫ్యాన్స్ అంతా ‘సినిమా చెత్త, సీరియల్ బంగారం’ అని తేల్చేశారు. నేనూ ఆ గుంపులోవాణ్ణే. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను.

ముందు మొదటి నిమిషం చూడండి. సినిమా డాక్టర్ గొంతుతో మొదలవుతుంది. స్కారో అనే గ్రహం మీద మాస్టర్ అనే పాత శత్రువుకు శిక్ష పడింది, తన అస్థికలను మా సొంత గ్రహం గాలిఫ్రేకు చేర్చమని చివరి కోరిక కోరాడు, నేనూ వాడూ టైమ్ లార్డులనే జాతివాళ్లమే. ఇదంతా ఊపిరి తీసుకునే లోపు చెప్పేస్తారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కాఫీ కూడా ఇవ్వకముందే ఏడు తరాల వంశావళి చదివి వినిపించినట్టు ఉంటుంది. పైగా తెర మీద కనిపించేది పాత డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్, వినిపించే గొంతు మాత్రం తర్వాతి డాక్టర్ పాల్ మెక్‌గాన్‌ది. పాత ఫ్యాన్‌కి అది చమత్కారం, కొత్తవాడికి అయోమయం. మెకాయ్ బయట అడుగు పెట్టగానే తుపాకీ గుళ్లు తగులుతాయి, ఆపరేషన్ బల్ల మీద చనిపోతాడు. తర్వాత మార్చురీలో వేరే మొహంతో లేస్తాడు. మనకు పరిచయమే లేని మనిషి పోయాడని బాధపడాలి, ఇంకో పరిచయం లేని మనిషి వచ్చాడని సంతోషించాలి!

‘రోజ్’ ఏం చేసిందంటే, అలారం మోగించింది. లండన్‌లో బట్టల కొట్లో పనిచేసే రోజ్ అనే అమ్మాయి నిద్ర లేచింది, పనికెళ్లింది, సాయంత్రం షాపు మూసే వేళకి కింద బేస్‌మెంట్‌లోకి దిగింది. బట్టలు తొడిగే ప్లాస్టిక్ బొమ్మలు కదిలాయి. ఎవరో చెయ్యి పట్టుకుని పరుగెత్తమన్నాడు. అంతే, అతనెవరో ఆ అమ్మాయికీ తెలీదు, మనకీ తెలీదు. టైమ్ లార్డ్ అన్న మాట రెండో ఎపిసోడ్ దాకా స్పష్టంగా రాదు. గాలిఫ్రే అన్న పేరైతే 2006 క్రిస్మస్ ఎపిసోడ్ దాకా వినపడదు. సినిమా మొదటి నిమిషంలో ఖర్చు పెట్టేసిన సరుకుని వీళ్లు ఏడాదిన్నర పైగా దాచుకుని వాడుకున్నారు. కథ చెప్పే నేర్పులో ఈ రెంటికీ పోలికే లేదు.

మరి అప్పట్లో ఫ్యాన్స్ తిట్టింది దీన్నా? కాదు, ముద్దుని. తనకి ఆపరేషన్ చేసిన గ్రేస్ హాలొవే అనే గుండె వైద్యురాలిని మన డాక్టర్ ముద్దు పెట్టుకున్నాడని గోల గోల చేశారు. 2005 తర్వాత ఆ గోల ఎవరికైనా గుర్తుందా? మొదటి సీజన్ ఆఖర్లోనే రోజ్‌ని ముద్దు పెట్టుకున్నాడు, ఆ తర్వాత లెక్కే లేదు. అమెరికా హంగు ఎక్కువైందన్నారు, తర్వాత వచ్చిన సీరియల్ అంతకంటే ఎక్కువ హంగు చేసింది. ఒక్క విషయంలో మాత్రం తిట్టినవాళ్లతోనే ఉన్నాను. డాక్టర్ తల్లి వైపు నుంచి సగం మనిషి అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చివర్లో చనిపోయినవాళ్లు బంగారు పొడి చల్లినట్టు లేచి కూర్చోవడం కూడా అంతే.

కానీ డాక్టర్ సంగతికొస్తే సినిమా పైచేయి. 2005 సీరియల్‌లో డాక్టర్‌గా వేసిన క్రిస్టఫర్ ఎక్లెస్టన్ గొప్ప నటుడు, కాదనను. అయితే అతను తెర మీదికి వచ్చేసరికే గాయపడ్డ మనిషి, నవ్వుని కవచంలా తొడుక్కుని తిరుగుతాడు. మెక్‌గాన్ మన కళ్ల ముందు డాక్టర్ అవుతాడు. గ్రేస్‌తో నడుస్తూ జ్ఞాపకాలు తవ్వుకుంటాడు. తండ్రితో గడ్డిలో పడుకున్న వెచ్చని రాత్రి, ఆకాశంలో ఉల్కలు, ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులు. గ్రేస్ ఊపిరి బిగబట్టి వింటుంటే సంబరంగా అరుస్తాడు. ఏం గుర్తొచ్చిందా అనుకుంటాం. తీరా చూస్తే, ఈ బూట్లు నాకు సరిగ్గా సరిపోయాయి అంటాడు! ఆ బూట్లు గ్రేస్‌ని వదిలేసి పోయిన ప్రియుడివి. వెయ్యేళ్ల పెద్దమనిషి, అప్పుడే పుట్టిన పసివాడు ఒకే వాక్యంలో కనిపిస్తారు. ఈ ఒక్క ముక్క కోసం సినిమా తప్పులు సగం క్షమించొచ్చు.

డాక్టర్ కాలంలో తిరిగే వాహనం టార్డిస్, బయటికి ఒక నీలం పెట్టె. దాని లోపలి సెట్ గురించి వాదనే అక్కర్లేదు. కొవ్వొత్తులు, చెక్క పనితనం, పుస్తకాలు, వాలుకుర్చీ. పాతకాలపు జమీందారు గ్రంథాలయంలా ఉంటుంది. 2005 సెట్ నాకు ఎప్పుడూ సగం కట్టి ఆపేసిన ఇల్లులాగే అనిపించింది.

విలన్ల దగ్గర రెండూ అంతంతమాత్రమే. ఎరిక్ రాబర్ట్స్ మాస్టర్‌గా నల్ల కళ్లద్దాలతో మొదలై, ఆఖరికి జరీ అంగరఖాలో తేలతాడు. అప్పట్లో నవ్వులపాలైంది గానీ ఇప్పుడు జనం ముచ్చటగానే చూస్తున్నారు. ‘రోజ్’లో చెత్తడబ్బా ఒక మనిషిని మింగి త్రేన్చుతుంది, దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

అంకెలు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే సినిమాని చంపింది అవే. ఫాక్స్‌లో 1996 మే 14న వేసినప్పుడు పక్క ఛానెల్‌లో రోజాన్ కామెడీ నడుస్తోంది. అమెరికాలో చూసినవాళ్లు యాభై ఐదు లక్షల చుట్టూ తేలారు. మే 27న బ్రిటన్‌లో వేస్తే తొంభై లక్షలు దాటింది. ‘రోజ్’కి వచ్చింది కోటీ ఎనిమిది లక్షలు. అంటే సొంత ఊళ్లో సినిమా ఫ్లాప్ ఏమీ కాదు. కానీ సీరియల్‌గా సాగించాలా వద్దా అన్నది అమెరికా అంకెల మీద ఆధారపడింది.

ఇప్పుడు జనం మనసు ఎందుకు మారింది? కొంతవరకు మెక్‌గాన్ వల్లే. 2001 నుంచి ఆడియో నాటకాల్లో ఆ పాత్రని వదలకుండా పోషిస్తూ వచ్చాడు. 2013 నవంబర్‌లో చెప్పా పెట్టకుండా ఏడు నిమిషాల ‘నైట్ ఆఫ్ ద డాక్టర్’ అనే చిన్న ఎపిసోడ్ వచ్చి ఆ డాక్టర్‌కి ముగింపు ఇచ్చింది. సినిమా రాసిన మాథ్యూ జేకబ్స్ 2022లో ఒక డాక్యుమెంటరీ చేశాడు. తనని తిట్టిన ఫ్యాన్స్‌ని వాళ్ల సమావేశాలకే వెళ్లి కలవడం దాని కథ. ఆయన తండ్రి 1966లో ఇదే సీరియల్‌లో డాక్ హాలిడే అనే అమెరికన్ తుపాకీవీరుడి వేషం వేశాడని తెలిశాక, ఇన్నాళ్లూ నేను తిట్టింది ఎవరో పైనుంచి దిగిన మనిషిని కాదని సిగ్గేసింది.

రెండు కథలూ చివరికి నీలం పెట్టె గుమ్మం దగ్గరికే వస్తాయి. డాక్టర్ రమ్మంటాడు. గుండె ఆపరేషన్లు చేసే గ్రేస్, తనకంటూ బతుకున్న మనిషి, నువ్వే నాతో రా అని ఎదురు అడుగుతుంది, పోదు. రోజ్ మొదట కాదంటుంది, అతను వెళ్లి మళ్లీ వచ్చి ఇది కాలంలో కూడా తిరుగుతుందని చెప్పగానే పరుగెత్తుకెళ్తుంది. గ్రేస్ నిర్ణయమే నాకు ఎక్కువ నచ్చుతుంది. అయితే సీరియల్ నడవాలంటే ఎవరో ఒకరు ఎక్కాలిగా!

కాబట్టి కొత్తవాళ్లు ‘రోజ్’తోనే మొదలుపెట్టండి, మొదటి సీజన్ 13 ఎపిసోడ్లూ పూర్తి చేయండి. ఆఖర్లో మనిషి మారడం ఏమిటో కడుపులో తిప్పేలా తెలుస్తుంది. అప్పుడు సినిమా పెట్టండి, వెంటనే ఆ ఏడు నిమిషాల ముక్క. మావాడికి మిగిలిన వారంలో ఇదే వరస పాటించాను. మార్చురీ సీన్ దగ్గర ఈసారి వాడు ఏమీ అడగలేదు. ఏడు నిమిషాలూ అయ్యాక మాత్రం నా వైపు తిరిగి, “ఇంతేనా? ఈయనవి ఇంకేం లేవా అన్నా?” అన్నాడు.

ఆడియో నాటకాల లిస్టు వాట్సాప్‌లో పంపాను.